తవ్వేవాళ్ళు వచ్చేదాకా దిబ్బ ఆగదు

డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు అయిపోగానే మా దివిసీమలో పిల్లల ప్రయాణాలు మొదలవుతాయి. కంప్యూటర్లు చదివేవాళ్ళు విజయవాడ బస్సెక్కుతారు. కామర్సు పిల్లలు ఆడిటరు ఆఫీసుల్లో కుర్చీ వెతుక్కుంటారు. చరిత్ర చదివే పిల్లలు మాత్రం స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడతారు. వాళ్ళకు దొరికే జవాబు ఏళ్ళ తరబడి ఒక్కటే. "మీకిక్కడ ఏం పనుందమ్మా? తవ్వకాలా, పాడా? ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చేసి సర్టిఫికెట్టు పట్టుకురండి, మార్కులు వేసేస్తాం."

నేను కోడూరులో పుట్టి, ఈ జిల్లాలోనే చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ మాట తోటి అధ్యాపకుల నోట విన్నాను, తల్లిదండ్రుల నోట విన్నాను, చదువుకున్న పెద్దమనుషుల నోట విన్నాను. మొదట్లో ఒకటి రెండుసార్లు నా నోటా వచ్చింది. అది తప్పని గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

మన రాష్ట్రంలో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక పూర్తి సెమిస్టరు. ఇన్ని నెలల యువశక్తి ప్రతి ఏటా జిల్లాలోకి వచ్చిపడుతోంది. అందులో చరిత్ర విద్యార్థుల వాటాను కాగితాల మీద ఖర్చు చేసేస్తున్నాం. కారణం అడిగితే వచ్చే వాదనలు నాలుగు రకాలుగా ఉంటాయి కానీ, వాటన్నిటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే. పురావస్తు పని అంటే తవ్వకమనీ, తవ్వకం ఢిల్లీ వాళ్ళ పని అనీ, వాళ్ళు రాని చోట పనే లేదనీ.

ఈ డెల్టాలో పని లేదా? మచిలీపట్నం (మా బందరు), గుడివాడ, దివిసీమ కలిపి చూడండి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో 'కొంటకోస్సిల' అని రాసుకున్న రేవు మన ఘంటసాలేనని పండితులు గుర్తించారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాలు చెప్పుకుంటూ, కంటకసేలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానని చెప్పింది. అంటే పల్నాటి లోయలో దానం లెక్క రాసుకుంటున్న ఆ ఇల్లాలికి మన ఘంటసాల తూర్పు వాకిలి తెలుసు. ఘంటసాలలోనూ గుడివాడలోనూ ఏటి అవతల భట్టిప్రోలులోనూ అలెగ్జాండర్ రే పరిశోధించి 1894లో పుస్తకం వేశాడు. బందరులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, కోట శిథిలాలున్నాయి. కోడూరు మండలంలోనే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఉంది, అక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉంది. మన డెల్టాలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఉన్నాడు. ఇంత ఉన్న చోట చరిత్ర విద్యార్థికి పని దొరకడం లేదంటే లోపం నేలది కాదు, మనది.

తవ్వకం ఒక్కటే పని అనుకోవడం దగ్గర అసలు పొరపాటుంది. డెల్టాలో పాత ఊరు నేల అడుగున ఎవరికీ అందకుండా పడుకుని ఉండదు. అది మెరకగా, దిబ్బగా కళ్ళెదుటే ఉంటుంది. దాన్ని ప్రతి రోజూ ఎవరో ఒకరు తవ్వుతూనే ఉన్నారు. మా పెద్దవాళ్ళ కాలంలో బండ్లు కట్టి పాటిమన్ను తోలుకుపోయేవారు. వందల ఏళ్ళు మనుషులు బతికిన చోట మట్టికి బలం ఎక్కువ. చేలో చల్లితే పంట బాగా వస్తుంది. రైతుకు అది ఎరువు. అదే మట్టిలో కుండపెంకులు, పూసలు, ఒక్కోసారి సీసపు నాణేలు వస్తాయి. ఇప్పుడు బండి పోయి ప్రొక్లెయిన్ వచ్చింది. బండి పదేళ్ళలో తీసే మట్టిని అది ఒక రాత్రిలో తీస్తుంది. వరి చేను రొయ్యల చెరువవుతుంది. చెరువు గట్టు ఆ మట్టితోనే లేస్తుంది. ఆ గట్టు మీద నడిచి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఒకసారి నేను ఇద్దరు పిల్లలతో అలాంటి గట్టు మీద నడిచాను. కొత్తగా వేసిన గట్టు, తొలి వాన పడి పైమట్టి కాస్త కడుక్కుపోయింది. వాళ్ళలో ఒక అమ్మాయి వంగి ఒక పెంకు చూపించింది. లోపలివైపు నల్లగా నున్నగా, బయట ఎర్రగా ఉంది. అంచు బయటికి కొద్దిగా ఒంపు తిరిగి ఉంది. చేత్తో తీయబోతే వద్దన్నాను. ముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమన్నాను. తర్వాత ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాయించాను. సర్వే నంబరు రైతును అడిగి రాసుకున్నాం. మట్టి ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే ఆయన చెయ్యి చాపి ఉత్తరంగా ఉన్న మెరక చూపించాడు. మెరకలో సగం అప్పటికే లేదు. కోత పెట్టిన అంచులో మూడడుగుల లోతున ఒక బూడిద చార, దాని కింద ఇటుక ముక్కలు వరుసగా కనిపించాయి. ఇప్పటి ఇటుకకు దాదాపు రెండింతల వెడల్పు ఇటుకలు. ఆ రోజు మేం గునపం పట్టలేదు, ఒక్క పెంకూ ఇంటికి తేలేదు. తెచ్చుకున్నది నాలుగు పేజీల నోట్సు, ముప్పై ఫొటోలు. మరుసటి ఏడాది వెళ్తే మెరక లేదు. ఆ ఊరి అడుగున పాత ఊరు ఉండేదనడానికి మిగిలింది ఆ నోట్సే.

ఈ పనికి ఏ అనుమతి కావాలి? తవ్వకానికి లైసెన్సు కావాలి, అది చట్టం. దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ చెబుతోంది. కానీ నేల మీద నడిచి, చూసి, కొలిచి, రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. కావలసినవల్లా రైతు అనుమతి, మర్యాద, ఓపిక. డిగ్రీ విద్యార్థి నెలరోజుల్లో నేర్చుకోగలిగిన పని ఇది.

పిల్లలు పాడుచేస్తారని ఇంకో వాదన ఉంది. పైకి ఇది బాధ్యత గల మాటలా వినిపిస్తుంది కాబట్టే దీనికి కాస్త నిలబడి జవాబు చెప్పాలి. ఈ నేల మీద పురావస్తువులను పాడుచేసిన చరిత్ర మనకు రాతపూర్వకంగా ఉంది. అందులో విద్యార్థులెవరూ లేరు. భట్టిప్రోలు స్తూపాన్ని పగలగొట్టి దాని పాలరాళ్ళను వెల్లటూరు దగ్గర కాలవ కట్టడానికి వాడినవాళ్ళు ప్రభుత్వ ఇంజనీర్లు. గుడివాడ స్తూపం రోడ్డు కింద కంకర అయింది. అమరావతి చైత్యం నుంచి చెక్కడపు రాళ్ళు తెప్పించి బందరులో తన పేరుతో కట్టిన పేటలో అలంకారంగా నిలబెట్టినవాడు జిల్లా కలెక్టరు రాబర్ట్‌సన్. ఆ పేట ఈ రోజుకీ రాబర్ట్‌సన్‌పేటే. రాళ్ళు మాత్రం తర్వాత మద్రాసు మ్యూజియం చేరాయి. 1880లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞతో అమరావతి స్తూపం నడిమి భాగమంతా తవ్వి ఎత్తిపోశారు. మిగిలింది గొయ్యి. ఏ రాయి ఎక్కడుందో సరైన రికార్డు లేకుండా పోయింది. పురావస్తు అధికారి బర్జెస్ మరుసటి ఏడాది వచ్చి చూసుకున్నది ఆ గోతినే.

వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు, అధికారం ఉన్నవాళ్ళు. అప్పుడు లోపించింది, రాసిపెట్టిన తర్వాతే రాయి కదపాలన్న క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణ నేర్పడానికే ఇంటర్న్‌షిప్పు. ఇరవై ఏళ్ళప్పుడు నేర్పకపోతే, రేపు ఆ కుర్రాడే ఇంజనీరో, తహశీల్దారో, ఆలయ ఈవోనో అయినప్పుడు అదే తప్పు మళ్ళీ చేస్తాడు.

ఇంకా వెనక్కి వెళ్దాం. దక్షిణాది ఊళ్ళ చరిత్రలు సేకరించిన మెకంజీ దొర పేరు చెప్పుకుంటాం. ఆయనకు కైఫీయతులు సేకరించి, శాసనాలు చదివి పెట్టిన కావలి వెంకట బొర్రయ్య ఏలూరు కుర్రాడు. ఉద్యోగంలో చేరేనాటికి మీసాలు సరిగా రాని వయసు. ముప్పై ఏళ్ళు నిండకుండానే 1803లో చనిపోయాడు. ఆ కొద్ది ఏళ్ళలో ఆయన చేసిన పని లేకపోతే దక్షిణాది చరిత్రకు సగం ఆధారాలు లేవు. నాగార్జునకొండ సంగతి? అక్కడ పాత స్తంభం ఉందని 1926లో మద్రాసు ప్రభుత్వానికి మొదట తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. ఆ లోయను వెలికితీసిన మహాపరిశోధనకు తలుపు తీసింది ఒక పల్లెటూరి పంతులు కన్ను. ఇంత చరిత్ర ఉన్న తెలుగు నేల మీద "కుర్రవాళ్ళకేం తెలుసు" అనడం మన పూర్వుల పనినే కాదనడం.

నేర్పడం ఎంత తేలికో ఒక్క ఉదాహరణ చెబుతాను. శాసనం అచ్చు తీయడం. గుడి గోడలో రాయి ఉంటుంది. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఇనుప బ్రష్షు ముట్టుకోకూడదు. నీళ్ళతో కడిగి, తడిపిన కాగితం రాయి మీద పరచాలి. కాగితం మీద గట్టి వెంట్రుకల బ్రష్షుతో నెమ్మదిగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గాళ్ళలోకి దిగుతుంది. ఎక్కడ ఎక్కువ కొడితే అక్కడ చిరుగుతుంది. ఈ పాఠం నోటితో చెప్పలేం, చెయ్యి నేర్చుకోవాలి. కాస్త ఆరాక గుడ్డ చుట్టిన దిండుకు సిరా అద్ది మీద మీద తట్టాలి. అక్షరాలు తెల్లగా, చుట్టూ నలుపుగా లేస్తాయి. ఒక గుళ్ళో మా అబ్బాయి ఒకడు మొదటి అచ్చు తీసినప్పుడు చూశాను. గోడ మీద గీతల్లా కనిపించిందంతా కాగితం మీద అక్షరాలయింది. వాడు 'శ్రీ' గుర్తుపట్టి గట్టిగా చదివాడు. పక్కనున్న పూజారిగారు ముప్పై ఏళ్ళుగా ఆ గోడ పక్కనే దీపం పెడుతున్నారు, అక్కడ రాత ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఆయన లోపలికి వెళ్ళి ఇంకో రాయి చూపిస్తానని మమ్మల్ని పిలిచాడు. అది వంటశాలలో బట్టలు ఉతికే బండగా ఉంది.

ఇలాంటి రాళ్ళు జీర్ణోద్ధరణ పేరుతో ఎన్ని పోతున్నాయో ఒక్కసారి మన ఊళ్ళు తిరిగి చూడండి. భక్తితోనే చేస్తున్నారు, ఎవరినీ తప్పుపట్టను. పాత రాతి గోడ మీద ఆయిల్ పెయింటు పడుతుంది, అక్షరాల మీద సిమెంటు పూత పడుతుంది, నేలమీద గ్రానైటు పరుస్తారు. పని మొదలయ్యే ముందు రెండు రోజులు ఇద్దరు విద్యార్థులు వచ్చి గోడలన్నీ ఫొటోలు తీసి, అచ్చులు తీసి, పటం గీసి ఇస్తే గుడికి వచ్చే నష్టం లేదు. దేవాదాయ శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి ఇది చేయించవచ్చు. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో పురావస్తు విభాగమే ఉంది. మనుషులున్నారు, గుడులున్నాయి, నెలలున్నాయి. మధ్యలో ఒక ఉత్తరం తక్కువ.

డబ్బు సంగతి దగ్గర నా తోటివాళ్ళతో నాకు నిజమైన తగాదా ఉంది. నేర్చుకోవడమే జీతం అంటారు. ఈ మాట పట్నంలో చెల్లుతుందేమో, కోడూరులో చెల్లదు. మా పిల్లల్లో చాలామంది కౌలు రైతుల, కూలీల, చేపల వేట కుటుంబాల వాళ్ళు. కోడూరు నుంచి ఘంటసాల వెళ్ళాలంటే అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి దాటాలి. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం టిఫిను కలిపితే రోజూ పడే ఖర్చు ఇంట్లో అడగడానికి ఏ పిల్లకూ నోరు రాదు. అదే రెండు నెలలు రొయ్యల షెడ్డులో తల తీసే పనికి పోతే కూలి వస్తుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్పు ఎవరిని నిలబెడుతుంది? అమ్మానాన్నలకు జీతాలున్న పిల్లల్ని మాత్రమే. అప్పుడు ఈ నేల చరిత్ర రాసేవాళ్ళు ఈ నేల మీద పనిచేసేవాళ్ళ పిల్లలు కాకుండా పోతారు.

డబ్బు లేదన్న మాట నేను నమ్మను. కేంద్రం 2024లో పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్పు చేసే యువతకు నెలకు 5,000 రూపాయలిచ్చే పథకం తెచ్చింది. అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ చదివినవారికి నెలకు కనీసం 9,000 అని రాశారు. బ్యాంకులో కూర్చునే కుర్రాడికి స్టైపెండు న్యాయమైతే, ఎండలో గట్టు మీద నడిచే కుర్రాడికి ఎందుకు కాదు? పెద్ద మొత్తం అడగడం లేదు. ఛార్జీలు, భోజనం, పైన ఒక రోజు కూలికి తగ్గని భత్యం. అది ఇవ్వలేని సంస్థ విద్యార్థిని అడగకూడదు.

సర్టిఫికెట్ల గురించి కూడా దాచకుండా చెప్పాలి. పని చేయకుండా సంతకం, ముద్ర అమ్మే చోట్లున్నాయి. నా దగ్గరికి ఒక పిల్ల తెచ్చిన ప్రాజెక్టు పుస్తకంలో ఊరి పేరు మారింది తప్ప లోపలి మాటలన్నీ అంతకు ముందు ఏడాది ఇంకో పిల్లవాడు తెచ్చినవే. ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. మనం పని చూపించలేదు, వాళ్ళు కాగితం తెచ్చారు.

ఇక ఉద్యోగాలు. "ఇది చదివితే ఏం ఉద్యోగం?" అన్న తండ్రికి అబద్ధం చెప్పను. అమెరికాలో 1966 నాటి చట్టంలో 106వ సెక్షను ఉంది. కేంద్ర ప్రభుత్వ డబ్బుతోనో అనుమతితోనో రోడ్డు వేసినా, ఆనకట్ట కట్టినా అక్కడి చారిత్రక స్థలాల మీద పడే ప్రభావాన్ని ముందు చూడాలి. ఆ ఒక్క సెక్షను మీద వేలమందికి పని దొరుకుతోంది, అందులో విద్యార్థులే మొదటి మెట్టు. బ్రిటన్‌లో 1990 నుంచి కట్టేవాడే పరిశోధన ఖర్చు పెట్టుకునే పద్ధతి వచ్చింది. మనకు అంత బలమైన ఏర్పాటు లేదు. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషేధం, ఆ తర్వాత రెండు వందల మీటర్లు నియంత్రణ అని 2010 సవరణ చెబుతుంది. జాబితాలో లేని దిబ్బకు ఆ గీత కూడా లేదు.

అయినా ఆ పని మనకు తెలియనిది కాదు. ముంపుకు ముందు లెక్క చూసుకోవడంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. నాగార్జునసాగర్ నీళ్ళు లోయను ముంచకముందే 1954 నుంచి 1960 దాకా రాయప్రోలు సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, కట్టడాలను కొండ మీదికి తరలించారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. ఇప్పుడు మన బందరులో కొత్త రేవు కడుతున్నారు, రోడ్లు వెడల్పు చేస్తున్నారు, కాలవలు తవ్వుతున్నారు. ఇవన్నీ కావాలి, నేను వ్యతిరేకిని కాను. పునాది తీసే ముందు నడిచి చూసే మనిషి ఒకరుండాలని అడుగుతున్నాను. ఆ మనిషి మన జిల్లా పిల్లే ఎందుకు కాకూడదు? తమిళనాడులో కీళడి చూడండి. 2015లో మొదలైన తవ్వకాలు ఒక ఊరికి చరిత్రే కాకుండా 2023లో మ్యూజియం కూడా తెచ్చాయి. కేరళలో 'పట్టణం' అనే ఊరి తవ్వకాల్లో విద్యార్థులు పాలుపంచుకున్నారు. టాలెమీ పుస్తకంలో వాళ్ళ రేవు ముజిరిస్సు, మన రేవు కొంటకోస్సిల ఒకే కాలం నాటి అంగళ్ళు. వాళ్ళది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మనది చేపల చెరువుల మధ్య ఉంది.

చదువును చేతి పనితో కలపడమన్నది కూడా ఈ నేలకు కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది పుస్తకం, పనిముట్టు ఒకే చోట ఉండాలనే. నూట పదేళ్ళు దాటాక అదే ఊరి పిల్లలకు పని దొరకదని మనం అంటున్నాం.

ఒక్క సంగతి మిగిలింది. నాకు అన్నిటికన్నా దగ్గరిది. పురావస్తువు అంటే రాయీ ఇటుకే కాదు, మనిషి జ్ఞాపకం కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సుమారు పదివేలమంది పోయారని లెక్క, మా జనం లెక్క అంతకు మించినది. కోడూరు, నాగాయలంక వైపు ఇళ్ళల్లో ఆ రాత్రి సంగతి ఇప్పటికీ చెప్పే మనుషులున్నారు. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి, ఏ మెరక మీద నిలబడ్డారు, ఏ తాటిచెట్టును పట్టుకున్నారు, తెల్లారాక ఎవరిని ఎక్కడ పూడ్చారు. ఏ మెరక మునగలేదో వాళ్ళు చెబుతారు. ఆ మెరక ఎందుకు అంత ఎత్తుందో పురావస్తు విద్యార్థి చెబుతాడు. చాలా చోట్ల అది పాత ఊరి దిబ్బే. మన ముత్తాతలు ఎత్తు చూసి ఊరు కట్టుకున్న చోటే మన తాతలు ప్రాణం దక్కించుకున్నారు. ఈ రెండు జ్ఞానాలనూ ఒక పటం మీదికి తేవడానికి ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, వినే ఓపిక ఉన్న ఒక కోడూరు పిల్ల చాలు.

అధ్యాపక మిత్రులారా, ఈ వేసవిలో మీ గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలకు ఆన్‌లైన్ లింకు పంపకండి. వాళ్ళను ముందు వాళ్ళ నాయనమ్మల దగ్గరికి, తర్వాత ఊరి దిబ్బ మీదికి పంపండి. ఆలస్యం చేయకండి. ఉప్పెన నాటికి ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు 2027 నవంబరు నాటికి డెబ్బై ఏళ్ళు.